వారం రోజుల లీడర్‌షిప్ క్యాంపుకు ముందు పిల్లల్ని ఎంతవరకు తయారుచేయాలి?

ట్రూప్ లీడర్:
మా స్కౌట్ ట్రూప్ పిల్లలు కొందరు వచ్చే సెలవుల్లో వారం రోజుల ఆరుబయటి నాయకత్వ శిక్షణ క్యాంపుకు వెళ్తున్నారు. అందరూ 13–16 ఏళ్లవాళ్లే. తల్లిదండ్రులతో కూర్చుంటే మాట రెండుగా చీలింది. టెంటు, వంట, ముడులు, పెట్రోల్ (ట్రూప్‌లోని చిన్న జట్టు) మీటింగ్ నడపడం, చివరికి ఏ రోజు ఏ పాఠం వస్తుందో కూడా ముందే చెప్పి పంపాలని కొందరు. అన్నీ ఇక్కడే నూరిపోస్తే అక్కడ నేర్చుకునేదేముంది, వెళ్లి తడబడనివ్వండి అని మిగతావాళ్లు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత స్కౌట్:
నాది రెండో పక్షం. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవి మీద, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఏం చేశారు? కలిగిన ఇళ్ల పిల్లల్ని, కష్టజీవుల పిల్లల్ని కలిపి నాలుగు పెట్రోళ్లు కట్టారు. ఒక్కో పెట్రోల్‌కు ఓ కుర్రాణ్ని లీడర్‌ని చేసి బాధ్యత అతని చేతిలోనే పెట్టారు. నాయకత్వం అనేది పని మీద పడ్డాక వచ్చేదే. ఇంట్లో రిహార్సల్ చేయించి పంపితే పిల్లలు అప్పజెప్పడానికి వెళ్తారు గానీ నేర్చుకోవడానికి కాదు.

క్యాంపు స్టాఫ్:
రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే గాటన కడుతున్నారు. ఒంటికి, సామానుకు సంబంధించిన తయారీ ఒకటి. మనుషుల్ని కలుపుకుపోవడం ఇంకొకటి. మొదటిది ఇంటి దగ్గర ఎంత చేయిస్తే అంత మంచిది. రెండోది ముందే నూరిపోయకండి.

ఎందుకంటే, మొదటి సాయంత్రమే వాన అందుకుందనుకోండి. సంచీ సర్దింది అమ్మ. రెయిన్‌కోటు ఎక్కడుందో పిల్లాడికి తెలియదు. టార్చి నోట కరుచుకుని ఒక్కొక్కటీ బయటికి లాగుతాడు. అదేమో అట్టడుగున, చక్కగా మడిచి, కవర్లో భద్రంగా ఉంటుంది. దొరికేలోపు స్లీపింగ్ బ్యాగూ పొడి బట్టలూ తడిసి ముద్దవుతాయి. రాత్రంతా వణుకుతూ కూర్చున్నవాడు పొద్దున్నే పెట్రోల్ మీటింగ్‌లో పక్కవాడి మాట ఏం వింటాడు? ఇలాంటి పిల్లల్ని క్యాంపుల్లో చూస్తూనే ఉంటాం. తడబాటులోంచి ఏదైనా నేర్చుకోవాలంటే ఒంట్లో కాస్త ఓపిక మిగలాలండీ.

అందుకే సంచీ పిల్లలే సర్దాలి. స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి మధ్యలో వీపుకు ఆనేలా, రెయిన్‌కోటు అన్నిటికన్నా పైన. సర్దాక లైటు ఆర్పేసి ‘టార్చి తియ్యి, పొడి సాక్సులు తియ్యి’ అనండి. తడుముకుని తీయగలిగితే సర్దడం వచ్చినట్టే. మోసే బరువు ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూడండి. 45 కిలోల పిల్లకు నీళ్లతో కలిపి 9 కిలోలు. బూట్లు కొత్తవైతే కనీసం రెండు వారాల ముందు నుంచీ తొడిగించి నడిపించండి. నూలు సాక్సులు చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, తడి చర్మం రాపిడికి తొందరగా బొబ్బలెక్కుతుంది. ఉన్నివో సింథటిక్‌వో నయం.

పద్నాలుగేళ్ల అమ్మాయి తల్లి:
సంచీ సంగతి ఒప్పుకుంటాను. నా భయం వేరు. మా అమ్మాయి ఇంతవరకు ఒక్క రాత్రి కూడా మమ్మల్ని వదిలి ఉండలేదు. ‘ఉండలేకపోతే కబురు పెట్టు, వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తాం’ అని చెప్పాం. ఆ మాత్రం ధైర్యం ఇవ్వడం తప్పా?

ఫస్ట్ ఎయిడ్ టెంట్:
అమ్మా, ఆ ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోండి. ఇంటి బెంగ గురించి అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2007లో ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి ఒప్పందాలు వద్దనే అంటుంది. ‘నువ్వు ఉండలేవు’ అని అమ్మానాన్నలే అనుకుంటున్నారని పిల్లకు అర్థమవుతుంది. బెంగ మొదలవగానే తట్టుకునే దారి వెతకడం మానేసి, మీరెప్పుడొస్తారా అని చూస్తుంది. అందుకు బదులు ముందే బంధువుల ఇంట్లో రెండు మూడు రాత్రులు ఉంచండి, ఫోన్ లేకుండా. బెంగ అందరికీ వస్తుందని చెప్పండి. వచ్చినప్పుడు తనకు ఏం చేస్తే తేలికపడుతుందో తననే ఆలోచించుకోమనండి. ఉత్తరం రాసుకోవడం కావచ్చు, పక్క టెంటు పిల్లతో మాట్లాడటం కావచ్చు.

సమావేశాల్లో ఎవరూ ఎత్తని సంగతి ఇంకోటుంది. క్యాంపు మరుగుదొడ్డికి వెళ్లడం ఇష్టంలేక చాలామంది పిల్లలు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. రెండో రోజు మధ్యాహ్నానికల్లా తలనొప్పి, నీరసం, మలబద్ధకం. అడిగితే ముందు ఒప్పుకోరు. దీని గురించి ఇంట్లోనే మొహమాటం లేకుండా మాట్లాడండి. పక్క తడిపే ఇబ్బంది ఈ వయసులోనూ కొందరికి ఉంటుంది. అమ్మాయిలకు సరిగ్గా ఆ వారమే నెలసరి రావచ్చు. ముందే మా చెవిన వేస్తే నలుగురికీ తెలియకుండా చూసుకుంటాం. ఇన్‌హేలర్ వాడే పిల్లలైతే అది సంచీలో కాదు, జేబులో ఉండాలి.

ట్రూప్ లీడర్:
మరి రెండో భాగం? పెట్రోల్‌లో గొడవలు వస్తాయని కూడా చెప్పకూడదా?

క్యాంపు స్టాఫ్:
వస్తాయని చెప్పండి, అంతవరకు చాలు. కొత్తగా కలిసిన జట్టు ముందు మర్యాదగా ఉంటుంది, తర్వాత కీచులాడుకుంటుంది, ఆపైన కుదురుకుంటుంది, అప్పుడు గానీ పని సాగదు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పిన దశలు ఇవే. చాలా లీడర్‌షిప్ క్యాంపుల్లో ఇది ఒక పాఠం. ఆ పాఠం ముందే చదివొచ్చిన పిల్లాడు ఏం చేస్తాడంటే, గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గర అరుపులు మొదలవగానే ‘ఇది రెండో దశ, దానంతటదే పోతుంది’ అని పక్కన నిలబడతాడు. అరుపులూ పోవు, గిన్నెలూ కదలవు. అదే గొడవ మధ్యలోకి వెళ్లి, ముగ్గురి మాటా విని, ‘ఇవాళ్టికి నేను తోముతా, రేపటి నుంచి వంతులు రాసుకుందాం’ అన్న పిల్లకు రాత్రి ఆ దశల గురించి చెప్పి చూడండి. మధ్యాహ్నం తాను చేసిన పనికి ఓ వివరణ దొరికినట్టు వింటుంది. అది చూడటానికే నేను ఏటా క్యాంపుకు వెళ్తాను.

పాత స్కౌట్:
నేనన్నదీ అదే కదా! మరి వంట మాత్రం ఇంట్లో ఎందుకు నేర్పడం? అక్కడే మాడ్చుకోనివ్వండి.

క్యాంపు స్టాఫ్:
వంట మాడితే ఫర్వాలేదండీ. చెయ్యి కాలితేనే ఫర్వాలేదనలేం. చలిగా ఉందని స్టవ్ టెంటులోపల వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసనైనా తెలియకుండా ప్రాణం తీస్తుంది. వాగు నీళ్లు తాగాలంటే బాగా తెర్లాక ఇంకో నిమిషం మరిగించాలి, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేదంటే వెంటనే పక్కా భవనంలోకో కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు. టెంటు పిడుగును ఆపదు. ఇవి తడబడి నేర్చుకునేవా? తప్పు చేస్తే ఆకలితోనో అలకతోనో పోయేవి పిల్లలకు వదిలేయండి. ఆసుపత్రి దాకా వెళ్లేవి మాత్రం బయల్దేరే ముందే చేతికి రావాలి. నేను గీసే గీత అది.

పాత స్కౌట్:
ప్రాణం మీదికొచ్చేవాటి గురించి మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. ముడుల దగ్గర మాత్రం తగ్గను. స్క్వేర్ లాషింగ్ (రెండు కర్రల్ని అడ్డంగా కలిపి తాడుతో కట్టడం) క్లోవ్ హిచ్ అనే ముడితో మొదలుపెట్టాలని క్యాంపులో తోటి పిల్లాడి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఒకరికొకరు నేర్పుకోవడం కోసమే పెట్రోల్ పెట్టింది. అందరికీ అన్నీ వచ్చేస్తే ఎవరు ఎవరికి నేర్పుతారు?

క్యాంపు స్టాఫ్:
ఇది నాకు తోచలేదు, బాగా చెప్పారు. అయితే ఎవరికీ ఏమీ రాకపోయినా అదే ఇబ్బంది. ఒక్కొక్కరికి ఒక్కటి గట్టిగా వచ్చేలా చూస్తే? ఒకరికి లాషింగ్, ఒకరికి మ్యాపూ దిక్సూచీ, ఒకరికి కట్టు కట్టడం. అక్కడ ఎలాగూ వేరే ట్రూపుల పిల్లలతో కలుపుతారు. పట్టుమని ఒక పని చేతిలో ఉన్న పిల్ల కొత్తవాళ్ల మధ్య ముడుచుకుపోదు. నేర్పడం ఎలాగో మాత్రం కొంచెం అలవాటు చేయండి. ముందు చెప్పడం, తర్వాత చేసి చూపడం, పక్కనుండి చేయించడం, ఆపైన చేతులు వెనక్కి తీసుకోవడం. ఈ చివరిది పిల్లలకే కాదు, మన పెద్దవాళ్లకు కూడా రాదు.

పద్నాలుగేళ్ల అమ్మాయి తల్లి:
ఈ వారం అమ్మాయిని వాళ్ల పిన్ని ఇంటికి పంపుతున్నాను. వచ్చి తీసుకొచ్చేస్తామన్న మాట ఇక అనను. నాకే నిద్ర పడుతుందో లేదో చూడాలి.

ట్రూప్ లీడర్:
వచ్చే శనివారం రాత్రి మైదానంలో టెంట్లు వేస్తున్నాం. పెద్దవాళ్లు ఎవరూ సంచులు ముట్టుకోకూడదని ఇవాళే కబురు పెట్టాను. స్టవ్, నీళ్లు, పిడుగు మేం నేర్పుతాం. ముడులు పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. క్యాంపు పాఠాల జాబితా కావాలని ఇద్దరు తండ్రులు ఇంకా పట్టుబడుతున్నారు. గిన్నెల గొడవ సంగతి వాళ్లకు చెప్పి చూస్తాను.