బీటెక్ పిల్లలకు సొంత వ్యాపారం ఆలోచన వచ్చేది కాలేజీ వల్లా, ఇంటి వల్లా?

లెక్చరర్_వరంగల్: మా కాలేజీ ఈ-సెల్, అంటే పిల్లల్ని సొంత వ్యాపారం వైపు ప్రోత్సహించే విభాగం, నేనే చూస్తాను. ఫస్టియర్‌లో వ్యాపారం ఎవరు చేస్తారంటే నలుగురు చేతులెత్తుతారు. హైదరాబాద్ రాయదుర్గంలో కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే టీ-హబ్ చూపించి, అక్కడ కంపెనీ నడుపుతున్న మా సీనియర్‌తో మాట్లాడించాక సగం క్లాసు ఎత్తింది. 2015లో టీ-హబ్ రాకముందు పిల్లలకు చూపించడానికి ఏముంది? చుట్టూ వాతావరణం ఉంటే ఆలోచన అదే వస్తుంది.

కొట్టు_అబ్బాయి: ఆ చేతులు ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్స్ నాటికి ఎన్ని మిగిలాయి సార్? మాది కిరాణా కొట్టు. ఏడో క్లాసు నుంచి అరువు పుస్తకం నేనే రాశాను. వ్యాపారం చూస్తూ పెరిగిన పిల్లలకు ధైర్యం ఎక్కువంటారు. నేను ఆ మాటెత్తితే నాన్న త్రాసు తుడుస్తూ, తల కూడా ఎత్తకుండా, "నేను పడింది చాల్లేదా" అన్నాడు.

పాలమూరు_పిల్ల: సంబంధాలవాళ్లు ముందు అడిగేది ప్యాకేజీ. సొంత కంపెనీ అంటే ఇంకా సెటిల్ కాలేదని అర్థం.

చదువరి: ఐజెన్ అనే మనస్తత్వవేత్త 1991లో రాసిన సిద్ధాంతంలో ఉద్దేశానికి మూడు మూలాలున్నాయి: పని మీద ఇష్టం, అయినవాళ్ల అభిప్రాయం, నా వల్ల అవుతుందన్న నమ్మకం. మీరిద్దరూ చెరొకటి పట్టుకుని లాగుతున్నారు.

లెక్చరర్_వరంగల్: చేతులు లెక్కపెట్టమని నేననలేదు. డబ్బే అడ్డమైతే చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర లోన్ ఉంది, మొదటిసారి తీసుకునేవాళ్లకు తాకట్టు లేకుండా 10 లక్షల దాకా.

కొట్టు_అబ్బాయి: వెళ్లాను సార్. బ్యాంకులో మొదటి ప్రశ్న, "ఎడ్యుకేషన్ లోన్ ఎంత మిగిలింది?" నా పేరు మీద 4 లక్షలు. అమ్మ గాజులు ఇంకా కుదువలోనే ఉన్నాయి. మీ చేతుల లెక్కలో ఇవి రావు.

లెక్చరర్_వరంగల్: మళ్లీ చేతులేనా! ఇలా భయపెట్టి పిల్లల కాళ్లు విరగ్గొడుతున్నారు.

కొట్టు_అబ్బాయి: మీ పిల్లల్ని ఏం చేయమన్నారు?

లెక్చరర్_వరంగల్: మా అమ్మాయిని ఉద్యోగంలో చేరమన్నాను. ఇంటి లోన్ ఉంది. దాచను. ఇంకోటి కూడా చెప్తాను. నా మాట విని నా స్టూడెంట్ ఒకడు ఆఫర్ వదులుకుని కంపెనీ పెట్టాడు. పద్నాలుగు నెలలకు మూసేశాడు. వాళ్ల నాన్న నా గదికొచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడే, "మీరు చెప్పారనే సార్" అన్నాడు. ఆయనకేం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

కొట్టు_అబ్బాయి: నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే సార్. ఆశ కాలేజీలో పుడుతుంది, పడిపోతే అప్పు కట్టేది ఇంటివాళ్లు.

లెక్చరర్_వరంగల్: అయితే పిల్లలకు చెప్పడం మానేయనా?

కొట్టు_అబ్బాయి: మానొద్దు. ఆ మీటింగుకు అమ్మానాన్నల్ని కూడా పిలవండి. గెలిచిన సీనియర్ పక్కన మూసేసినవాణ్ణి కూడా కూర్చోబెట్టండి.

లెక్చరర్_వరంగల్: ఆ అబ్బాయి నా ఫోన్ ఎత్తడం మానేసి ఏడాదైంది. ఆదివారం వాళ్లింటికి వెళ్లి అడుగుతాను.