అప్‌డేట్: సిగ్వెన్సా–అతియెన్సా కోటల దారి

స్పెయిన్‌లోని గ్వాదలహారా ప్రాంతంలో ఒక్కరోజు కోటలు చూస్తూ గ్రావెల్ సైకిల్‌పై (మట్టి, కంకర దారుల్లో తొక్కేది) తిరగాలంటే ఏ టైర్లు వెయ్యాలి, నీళ్లెన్ని పట్టుకెళ్లాలి అని అడిగాను కదా, తేలింది ఇదీ.

సిగ్వెన్సా, పలసువేలోస్, కరాబియాస్, ఇమోన్, అతియెన్సా: రానుపోను దాదాపు 60 కిలోమీటర్లు. మాడ్రిడ్ నుంచి సిగ్వెన్సాకు రైలుంది. సైకిళ్లకు చోటు తక్కువ, టికెట్‌తోపాటే తీసుకోవాలి. ఇమోన్ ఉప్పు మడుల దగ్గర తప్పక ఆగండి.

టైర్లు 40 మిల్లీమీటర్లకు తగ్గొద్దు, ట్యూబ్‌లెస్సే మేలు. 75 కిలోల మనిషికి గాలి ముందు 32, వెనక 35 పీఎస్ఐ సరిపోతుంది. ముళ్లు ఎక్కువ కాబట్టి టైరుకు 60 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లుల్ని పూడ్చే ద్రవం) పోయండి.

అసలు చిక్కు ఎర్ర బంకమట్టి. వాన పడ్డ మర్నాడు అది టైరుకు, ఫ్రేముకు మధ్య ముద్దలా కూరుకుపోయి చక్రాన్ని పట్టేస్తుంది. అప్పుడు బలంగా తొక్కితే వెనక డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) విరుగుతుంది. దిగి పుల్లతో గీకెయ్యాలి. అదనపు హ్యాంగర్ ఒకటి సంచిలో ఉండాల్సిందే. నేల తడిగా ఉంటే తారు రోడ్డే నయం.

నీళ్లు రెండు లీటర్లు. ఊరి కుళాయి మీద 'నో పొతాబ్లే' (తాగే నీరు కాదు) అని ఉంటే తాగకండి. అతియెన్సా కోట బండరాతి కొసన ఉంది, చివరి ఎక్కుడు నడకే.