కాలువ గట్టు మీద తాబేలు దొరికింది. పెంచుకోవచ్చా?

వైనతేయ తీరం
ఎండాకాలమని కాలువలకు నీళ్ళు ఆపేసి పది రోజులైంది. నిన్న సాయంత్రం అంబాజీపేట నుంచి వస్తుంటే గట్టు రోడ్డు మధ్యలో అరచేతికంటే కాస్త పెద్ద తాబేలు కనిపించింది. వెనుక కొబ్బరికాయల లారీ వస్తోంది. బండి ఆపి, దాన్ని హెల్మెట్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చాం. ఇప్పుడు ప్లాస్టిక్ తొట్టిలో ఉంది. వీపు నున్నగా, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు. కాళ్ళు లోపలికి లాక్కుంటే పొట్ట కింద రెండు తోలు మూతలు మూసుకుంటాయి. అన్నం పెడితే ముట్టలేదు. ఎండు రొయ్యలు నాలుగు వేస్తే తిన్నది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, తొట్టి దగ్గర నుంచి కదలడం లేదు. ఇంకా ఏమేమి పెట్టవచ్చో, తొట్టి ఎంత పెద్దది కావాలో తెలిసినవారు చెప్పగలరు.

కొత్తపేట కుర్రాడు
ఫోటో పెట్టండి.

పాత బయాలజీ మాస్టారు
ఫోటో పెట్టకండి. మీ మీద మీరే సాక్ష్యం ఇచ్చుకున్నట్టు అవుతుంది.

మీరు చెప్పిన తోలు మూతలను బట్టి అది మన చెరువుల్లో, పంట బోదెల్లో ఉండే తాబేలే. శాస్త్రీయ నామం లిస్సెమిస్ పంక్టాటా. మనకు మామూలుగానే కనిపిస్తుంది గాని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పులి ఉన్నదీ అందులోనే. 2022లో చట్టాన్ని సవరించాక కూడా దాని స్థానం మారలేదు. పట్టి ఉంచుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. తొట్టి కొలతల సంగతి తరువాత చూడవచ్చు.

ఇంకొక మాట. దానికి ఎండాకాలం కష్టకాలం అని మనం అనుకుంటాం. నీళ్ళు ఎండితే అది బురదలోకి దిగి, వానలు పడేదాకా కదలకుండా ఉండగలదు. లేకపోతే నడుచుకుంటూ ఇంకొక గుంట వెతుక్కుంటుంది. మీరు చూసినప్పుడు అది ఆ పని మీదే ఉంది. దాని తల ఎటు ఉందో చెప్పండి. అటు వైపే రోడ్డు దాటించి వదిలేయాలి.

చెరువు గట్టు
మాస్టారూ, తొమ్మిదేళ్ళ పిల్ల నాలుగు ఎండు రొయ్యలు పెట్టినందుకు ఏడేళ్ళ జైలా? మా నాయనమ్మ బావిలో తాబేలు ఉండేది. ముప్పై ఏళ్ళు ఉంది. నీళ్ళలో పురుగు చేరకుండా తినేసేది. ఊళ్ళో సగం బావుల్లో ఇలాగే వేసేవారు. ఆ నీళ్ళు తాగే మేమందరం పెరిగాం. అప్పుడు ఎవరూ షెడ్యూళ్ళు చదవలేదు, తాబేళ్ళూ తగ్గలేదు.

వైనతేయ గారూ, తొట్టి వద్దు. మీ ఇంట్లో బావి ఉంటే అందులో వేయండి. హాయిగా ఉంటుంది.

పాత బయాలజీ మాస్టారు
ముప్పై ఏళ్ళూ అదే తాబేలు అని మీకు ఎలా తెలుసు?

చెరువు గట్టు
బావిలో ఒకటే ఉండేది కనుక.

పాత బయాలజీ మాస్టారు
ఎప్పుడు చూసినా ఒకటి ఉండేది అనండి, ఒప్పుకుంటాను. చచ్చినదాన్ని తీసి కొత్తది వేసిన సంగతి పిల్లలకు చెప్పరు. మా ఇంట్లోనూ అలాగే చేశారు. నాకు పదహారేళ్ళు వచ్చాక తెలిసింది.

తాబేలు ఎండకు ఒడ్డు ఎక్కాలి, గుడ్లు పెట్టడానికి నేల తవ్వాలి. నిలువు గోడల బావిలో ఈ రెండూ కుదరవు. అది ఈదుతూ బతికేస్తుంది గాని, దాని వంశం అక్కడితో సరి.

పూతరేకు
తాబేలు దూరిన కొంప నిలవదని మా అమ్మమ్మ అనేది. ఇప్పుడేమో మా బావగారు వాస్తు పేరు చెప్పి ఇత్తడి తాబేలును గాజు పళ్ళెంలో పెట్టి ఉత్తరం వైపు తిప్పి కూర్చోబెట్టారు. దానికి ఎండు రొయ్యల ఖర్చు కూడా లేదు.

కరోలినా కోడలు
మేము నార్త్ కరోలినాలో ఉంటాం. అడగకపోయినా మా సంగతి చెబుతాను.

ఇక్కడ అడవిలో బాక్స్ తాబేలు అని ఒకటి ఉంటుంది. పొట్ట పెంకుకు మడత బందు ఉంటుంది. భయపడితే తల, కాళ్ళు, తోక అన్నీ లోపలికి లాక్కుని డబ్బా మూత వేసినట్టు పూర్తిగా మూసేసుకుంటుంది. 1979 నుంచి ఈ రాష్ట్రానికి అధికారిక సరీసృపం కూడా అదే. మా పెరటిలోకి వస్తే మా అబ్బాయి వేసవి సెలవుల్లో అట్టపెట్టెలో ఉంచుకున్నాడు. బళ్ళు తెరిచే ముందు మేము ఎంతో మంచి పని చేస్తున్నామనుకుని, కారులో అరగంట ప్రయాణం చేసి పెద్ద చెరువు ఉన్న పార్కులో వదిలాం. ఫోటోలు కూడా తీసుకున్నాం.

తరువాత తెలిసింది. ఆ జాతికి పుట్టిన చోటే లోకం. కొన్ని వందల గజాల మేర తిరుగుతూ జీవితమంతా గడిపేస్తుంది. ఎక్కడ ఏ కాలంలో పుట్టగొడుగులు మొలుస్తాయో, ఎక్కడ నీడ ఉంటుందో దానికి గుర్తు. వేరే చోట వదిలితే అక్కడ కుదురుకోక ఇల్లు వెతుక్కుంటూ రోడ్ల మీద పడుతుంది. ఆడది గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏడెనిమిదేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఏటా పెట్టేదీ కొన్ని గుడ్లే. అందుకే ఒక్కటి పోయినా ఆ లోటు తీరడానికి ఏళ్ళు పడుతుందట. మా అబ్బాయికి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ పార్కు వైపు వెళితే ఇప్పటికీ రోడ్డు పక్కన చూస్తూ ఉంటాడు.

చిన్న పిల్ల ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి. తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. 4 అంగుళాల లోపు తాబేలు పిల్లల అమ్మకాన్ని ఇక్కడ 1975లోనే ఆపింది ఇందుకే.

చెరువు గట్టు
అమ్మా, మీ డబ్బా తాబేలు అడవిలో నడిచేది, మాది నీళ్ళలో ఈదేది. మీది ఇల్లు వదలదు, మాది ఏటా ఇల్లు మారుస్తుంది. మాస్టారే చెప్పారు గదా, నీళ్ళు ఎండితే వేరే గుంట చూసుకుంటుందని! అలాంటిదాన్ని బావిలో వేస్తే ఇంకొక గుంట దొరికిందనుకుంటుంది. ఇద్దరూ కలిసి ఏదో ఒకటే చెప్పండి.

పాత బయాలజీ మాస్టారు
ఆవిడ చెప్పింది వేరే జాతి గురించి, నిజమే. మన దానికి అంత పట్టింపు ఉండకపోవచ్చు. కాని గుంట అది వెతుక్కోవాలి, మీరు ఎంచకూడదు. వైనతేయ గారు ఇంకా జవాబు ఇవ్వలేదు. తల ఎటు ఉంది?

వైనతేయ తీరం
గమనించలేదండీ. లారీని చూశాను.

గోదారి గాలి
అక్వేరియం దుకాణంలో కొనుక్కుంటే గొడవే లేదు కదా? చెవి దగ్గర ఎర్ర గీత ఉండేవి అమ్ముతున్నారు.

పాత బయాలజీ మాస్టారు
అవి అమెరికా తాబేళ్ళు. రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు కొంటారు, పళ్ళెమంత అయ్యాక చెరువులో పడేస్తారు. ఇక మన వాటి తిండికీ ఒడ్డుకూ అవి పోటీకి వస్తాయి. ఆ సలహా అసలే వద్దు.

నేను ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానో కూడా వినండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో బడి ప్రయోగశాలలో ఇలాంటి తాబేలునే సిమెంటు తొట్టిలో పెట్టాను. పిల్లలు క్యారేజీల్లోంచి అన్నం మెతుకులు, ఇడ్లీ ముక్కలు వేసేవారు. గదిలోకి ఎండ రాదు. నత్తలు, కప్ప పిల్లలు, నాచు, చచ్చిన చేపలు తినే జీవి అది. సున్నం అందక, ఎండ తగలక ఏడాది తిరిగేసరికి డొప్ప మెత్తబడి వేలితో నొక్కితే లోపలికి పోయేది. అదేమిటో నాకే అర్థం కాలేదు. నేను బయాలజీ మాస్టారిని! ఒకరోజు పొద్దున తలుపు తీసేసరికి తేలి ఉంది. ఆరో తరగతి పిల్ల ఒకతె "మనం తిండి పెట్టాం కదా సార్" అన్నది.

చెరువు గట్టు
మీకు పెంచడం రాకపోతే ఇంకెవరికీ రాదని చట్టమా?

పాత బయాలజీ మాస్టారు
చేపల చెరువుల వాళ్ళ దగ్గర తాబేళ్ళ పెంపకం నేర్చుకోవలసిన గతి నాకు పట్టలేదు. చెరువు ఎండగట్టి చేపలు పట్టినప్పుడు వలలో పడిన తాబేళ్ళు ఏమవుతున్నాయో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా? గోనె సంచుల్లో కుక్కి ఒడిశా, బెంగాల్ వైపు మాంసానికి తరలిస్తూ పట్టుబడిన వార్తలు ఎన్ని చదివాం? ఆ సంచులు నింపుతున్నది ఎవరు?

చెరువు గట్టు
నేను కాదు. నా చెరువులో పడినవాటిని నా చేతులతోనే మురుగు కాలువలో వదిలాను. ఒకసారి తొమ్మిది పడ్డాయి. మీరు చెప్పే చట్టం గుర్తొచ్చి ఒక కార్యాలయానికి రెండుసార్లు ఫోను చేశాను. వస్తామన్నారు. నీళ్ళు లేని చెరువులో మధ్యాహ్నం దాకా గొడుగు పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఇప్పుడు ఇక్కడ నన్ను దొంగను చేశారు.

నేను సరదాకి చెరువు తవ్వానా? 2011లో కోనసీమ రైతులం పంట విరామం ప్రకటించాం, గుర్తుందా? మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతుంటే, పండిన ధాన్యానికి ధర లేకపోతే సార్వా, అంటే వానాకాలపు వరి, మానేశాం. ఆ తరువాతే మా ఇంట్లో వరి చేను చేపల చెరువైంది. మందు కొట్టిన చేలో తాబేలు బతుకుతుందని, నా చెరువులో చస్తుందని మీ లెక్క. బాగానే ఉంది.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పోయిన ఏడాది కొబ్బరి చెట్లకు ఎర్రనల్లి పట్టినప్పుడు మీరే ఈ వేదికలో రాశారు, రిటైరయ్యాక అమలాపురం పక్కన కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నామని. ఆ లేఅవుట్ కింద ఏమి ఉండేది మాస్టారూ?

పూతరేకు
అయ్యో.

వేదిక నిర్వాహకులు
వ్యక్తిగత విషయాలు వద్దు. తాబేలు గురించి మాట్లాడండి.

చెరువు గట్టు
తాబేలు గురించే మాట్లాడుతున్నాను. వదిలేయండి, వదిలేయండి అంటున్నారు. ఎక్కడ వదలాలి? ఊరచెరువు సగం పూడ్చి దుకాణాలు కట్టారు. పుంత పక్కన గుంట మీద కల్యాణ మండపం లేచింది. బోదెలకు సిమెంటు వేశారు, అందులో తాబేలు దిగే బురదే లేదు. అటు అంతర్వేది వైపు సముద్రపు తాబేళ్ళు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే నాలుగు రోజులు పత్రికలో ఫోటో వేసి ఊరుకుంటారు. గుంట పూడ్చినవాడికి ఏ షెడ్యూలూ లేదు. తొట్టిలో పెట్టిన పిల్లకు మాత్రం పులి చట్టం.

కరోలినా కోడలు
ఈ మాట మొదటే చెప్పి ఉంటే బావి దగ్గర రెండు రోజులు కొట్టుకునేవాళ్ళు కాదు.

పాత బయాలజీ మాస్టారు
(మరునాడు) రాత్రి జవాబు రాసి తీసేశాను. మా లేఅవుట్ కింద పల్లపు చేను, దాని మూలన తూటికాడ పెరిగిన గుంట ఉండేవి. కొన్నప్పుడు చూశాను. మొదటి రెండు వానాకాలాలు కప్పలు స్నానాల గదిలోకి వచ్చేవి. మూడో ఏడు నుంచి రావడం లేదు. ప్రహరీ ఎత్తు పెంచినందువల్ల అనుకున్నాం.

సంచుల మాట మీ గురించి అనలేదు, కాని మీకు తగిలేటట్టు రాశాను. అది నా తప్పు. బావి విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

చెరువు గట్టు
మార్చుకోకండి. అది ఒకటే తాబేలు.

వైనతేయ తీరం
ఇన్ని రోజులు జవాబు ఇవ్వనందుకు మన్నించండి. తల ఎటు ఉందో నాకు గుర్తు లేదు గాని మా అమ్మాయికి ఉంది. కాగితం మీద గీసి చూపించింది. కాలువకు వీపు పెట్టి, కుడి వైపు తాడిచెట్టు పక్కకు నడుస్తోందట. ఈ పొద్దున్న మా నాన్నగారిని తీసుకుని వెళ్ళి చూశాం. తాడిచెట్టు అవతల సర్వే రాళ్ళు, గ్రావెల్ గుట్టలు ఉన్నాయి. అక్కడ తామర గుంట ఉండేదని, తాను అందులోనే ఈత నేర్చుకున్నానని నాన్నగారు చెప్పారు.

మాస్టారు చెప్పినట్టు అటు వదిలితే గ్రావెల్‌లో వదలాలి.

పాత బయాలజీ మాస్టారు
వద్దు. దొరికిన చోటికి దగ్గరలోనే నీళ్ళు చూడండి. తూము దిగువన సాధారణంగా కాస్త నిలిచి ఉంటాయి. బోదెకు సిమెంటు లేని వైపు.

చెరువు గట్టు
తూము దగ్గర చేపలకు వల కడతారు. సాయంత్రం చీకటి పడ్డాక వదలండి, వల ఉందో లేదో కాలితో తడిమి చూసి దిగండి. నత్తలుంటే అక్కడ తాబేలుకు ఢోకా లేదు.

వైనతేయ తీరం
రాత్రి ఏడున్నరకు వదిలాం. తూముకు ఇరవై అడుగుల దిగువన, మోకాలి లోతు నీళ్ళు, వల లేదు, నత్తలున్నాయి. నీళ్ళలోకి దిగాక ఒక్కసారి ముక్కు పైకి పెట్టి మునిగిపోయింది. అమ్మాయి ఏడవలేదు. బండి దగ్గరకు వచ్చాక, వానాకాలంలో కాలువ వదిలినప్పుడు అది మళ్ళీ ఆ తాడిచెట్టు వైపే వెళుతుందా అని అడిగింది.

కొత్తపేట కుర్రాడు
ఏమి చెప్పారు?

వైనతేయ తీరం
ఇంటికి వెళ్ళాక మాస్టారిని అడుగుదామన్నాను.