అప్‌డేట్: ఆదోని నుంచి విశాఖా, అనంతపురమా? సీటు తేలింది

మా చెల్లెల్ని ఇంజినీరింగ్‌కి విశాఖ పంపాలా, అనంతపురమా అని ఈఏపీసెట్ (ఏపీ ఇంజినీరింగ్ ఎంట్రన్స్) కౌన్సెలింగ్ ముందు ఇక్కడ అడిగాను కదా. ఇంట్లో మాది కన్నడం, తెలుగు యాస వేరు, అంత దూరంలో ఇముడుతుందా అని అమ్మ బెంగ. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు థాంక్స్.

"ముందు లోకల్ ఏరియా చూసుకో తమ్ముడూ" అన్న సలహాతోనే లెక్క తేలింది. ఏపీలో కన్వీనర్ కోటా సీట్లలో (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి) 85 శాతం ఆ ఏరియా లోకల్ వాళ్లకే. ఉమ్మడి కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా, మా ఆదోని కర్నూలు కిందే. అంటే ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఏరియాలోని విశాఖలో మా చెల్లి పోటీ మిగతా 15 శాతానికే, అదీ అక్కడి లోకల్ వాళ్లతో కలిసి. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి, లోకల్ అని తేల్చేవి అవే.

అయినా విశాఖనే పై ఆప్షన్‌గా పెట్టాం. రాకపోతే కింది ఆప్షన్ చూస్తారు, పోయేదేం లేదు. చివరికి అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్) వచ్చింది.

యాస గొడవ మాత్రం అసలు లెక్కలోకే రాలేదు. రూమ్మేట్లలో ఒకమ్మాయిది హిందూపురం, ఇంట్లో కన్నడమే. ఇంకొకమ్మాయిది శ్రీకాకుళం. ముగ్గురూ కూర్చుని ఒకే ల్యాబ్ రికార్డు చూసి రాసుకుంటున్నారట.