సినగాగ్‌కు కొత్తగా వచ్చేవాళ్ళను గుమ్మం దగ్గరే ప్రశ్నించాలా?

ఎడిసన్ కోడలు:
మాది తెనాలి. మావారు యూదుడు. న్యూజెర్సీలో మేం వెళ్ళే సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వాళ్ళలోని కన్సర్వేటివ్ శాఖది, అంటే మరీ ఛాందసమూ కాదు, మరీ ఆధునికమూ కాదు. అక్కడ కొన్నాళ్ళుగా ఒకటే రగడ. శనివారం ప్రార్థనకు కొత్తగా రావాలనుకునేవాళ్ళు శుక్రవారం చీకటి పడేలోపే ఆన్‌లైన్‌లో పేరు, ఫోన్ నంబరు, ఎవరు చెబితే వస్తున్నారో నింపాలట. (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే సబ్బాతు విశ్రాంతి రోజున నిష్ఠగా ఉండేవాళ్ళు పెన్ను పట్టరు, ఫోన్ ముట్టరు. అందుకని గుమ్మం దగ్గర ఫారం పెట్టి లాభం లేదు.) నాకిది నచ్చలేదు. దారిన పోతూ ఓసారి లోపలికి వెళ్దామా అనుకున్న మనిషి ఇక రాడు. రోజులు బాగాలేవు, ఫారం ఉండాల్సిందే అంటారు మావారు. మీరేమంటారు?

డల్లాస్ బాబాయ్:
అమ్మాయ్, మీ ఆయన మాటే నాదీనూ. కాలీవిల్ ఊరు మాకు దగ్గరే. 2022 జనవరి 15, శనివారం, బయట చలి. అక్కడి సినగాగ్ తలుపు తట్టిన కొత్త మనిషిని రబ్బీ (యూదుల మతగురువు) చార్లీ సైట్రన్-వాకర్ లోపలికి పిలిచి టీ ఇచ్చారు. ప్రార్థన జరుగుతుండగా అతను తుపాకీ తీశాడు. రబ్బీతో కలిపి నలుగురు బందీలు. సాయంత్రం ఒకర్ని వదిలాడు. రాత్రి రబ్బీ వాడి మీదికి కుర్చీ విసిరి, మిగిలిన ఇద్దరితో బయటపడ్డారు. అంతకుముందు 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపారు, అదీ శనివారమే. ఇంత జరిగాక కూడా తలుపులు బార్లా తెరవమంటే ఎలా?

నిడదవోలు నాస్తికుడు:
బాబాయ్ గారూ, సగం కథే చెప్పారు. ఆ రబ్బీ తర్వాత కూడా ఆతిథ్యాన్ని వెనకేసుకొచ్చారు. ప్రాణాలు దక్కింది అంతకుముందు తీసుకున్న సెక్యూరిటీ శిక్షణ వల్ల అన్నారు. తుపాకీతో వచ్చేవాడు ఫారంలో దొంగపేరు రాసి వస్తాడు. మొహమాటస్తుడే ఇంట్లో ఉండిపోతాడు.

చార్మినార్ వకీలు:
గుమ్మం గురించే ఇంత మాట్లాడుతున్నారు. లోపలికొచ్చాక సంగతేంటి? కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగ్ ఉంది. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళ వారసులని ముద్రపడిన కుటుంబాలను తరతరాలుగా అక్కడికి రానిచ్చారు. కానీ బెంచీల మీద కూర్చోనివ్వలేదు, తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చదివే చోటికి పిలవలేదు. ఆ కుటుంబాల్లోంచే వచ్చిన వకీలు ఎ.బి. సేలం (1882–1967) గాంధీ పద్ధతిలో సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేశాడు. (మా వృత్తివాడు, కాస్త గర్వం ఉంటుంది మరి.) ఆంక్షలు మెల్లగా సడలాయి. ఇవాళ అక్కడ మిగిలిన యూదులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమంది యూదులు నిండాలంటే బయటి నుంచి వచ్చేవాళ్ళే దిక్కు. ఎవరెక్కడ కూర్చోవాలని కొట్టుకున్న చోటు!

గుంటూరు మిర్చి:
అంత దూరమెందుకు? చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ వాళ్ళున్నారు. మాదిగ కుటుంబాలు. తాము యూదులమంటారు, తెలుగే మాట్లాడతారు, సినగాగ్ కట్టుకున్నారు. ఈశాన్యంలోని బ్నెయ్ మెనాషే వాళ్ళను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ యూదు సంతతివాళ్ళుగా గుర్తించారు. వీళ్ళకు ఆ గుర్తింపు రాలేదు. అడగడం మొదలైతే పేరుతో ఆగదండీ, "మీ అమ్మ యూదురాలేనా" దాకా పోతుంది.

డల్లాస్ బాబాయ్:
మతంలో చేర్చుకోవడం వేరు, ప్రార్థనకు రానివ్వడం వేరు. యూదులు తమ మతంలోకి రమ్మని ఎవరినీ పిలవరు. వస్తానన్నవాణ్ణి కూడా మూడుసార్లు వెనక్కి పంపాలని పాత ఆనవాయితీ. అది వాళ్ళ పద్ధతి, అందులో అవమానమేముంది?

ఎడిసన్ కోడలు:
బాబాయ్, నేను మతం మారలేదు. పదిమందిలో నన్ను లెక్కపెట్టరు, తోరా దగ్గరికి పిలవరు. ఆ బాధేం లేదు, ముందే తెలుసు. మొదటిసారి వెళ్ళినప్పుడు, కుడి నుంచి ఎడమకు చదివే హీబ్రూ ప్రార్థన పుస్తకం ఎటు నుంచి తెరవాలో తెలియక తికమక పడుతుంటే, పక్కనున్న పెద్దావిడ దాన్ని నా చేతిలోనే తిప్పి పెట్టి, చివరిదాకా పేజీలు చూపిస్తూ కూర్చుంది. నువ్వెవరు అని అడగలేదు. ప్రార్థన అయ్యాక పెట్టే కిద్దుష్ భోజనాల దగ్గర "ఆ చేపల ప్లేటు ఇటు అందుకోమ్మా" అంది. కొన్ని వారాలకే ఆ బల్ల సర్దే బ్యాచ్‌లో నేనూ ఒకదాన్ని.

అదే మావారి కజిన్ పుట్టుకతో యూదుడు. వాళ్ళ నాన్న పోయాక కద్దిష్ (పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన) చెప్పుకోవడానికి ఇంకో సినగాగ్‌కు వెళ్ళాడు. పదిమంది లేనిదే కద్దిష్ చెప్పకూడదు. అక్కడ ఎదురైన మొదటి ప్రశ్న, "మెంబర్‌షిప్ ఉందా?" మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు చబాద్ అనే సనాతన యూదు సంస్థ వాళ్ళ దగ్గరికి పోతున్నాడు. అక్కడ సభ్యత్వ రుసుము ఉండదు.

నిడదవోలు నాస్తికుడు:
చబాద్ కూడా చందాలతోనే నడుస్తుంది లెండి. కాకపోతే ముందు భోజనం, తర్వాత చందా. ఇంకోటి, అక్కడ పదిమంది అంటే మగవాళ్ళే. ఆడవాళ్ళనూ లెక్కపెట్టొచ్చని మీ శాఖ 1973లోనే తీర్మానించింది. ఆ కజిన్ భార్య యూదురాలైతే మీ దగ్గర లెక్కలోకి వస్తుంది, అక్కడ రాదు. ఎవరి తలుపు తెరిచి ఉన్నట్టు?

డల్లాస్ బాబాయ్:
సరే, ఫారం వద్దంటే వద్దు. గార్డు పక్కన సభ్యుల్లోంచి ఒకర్ని నిలబెట్టండి. మాట కలిపితే సగం తెలిసిపోతుంది. బ్యాగు మాత్రం చూడాల్సిందే, అందులో రాజీ లేదు.

ఎడిసన్ కోడలు:
ఆ నిలబడేది ఎవరన్నదే ఇప్పుడు గొడవ బాబాయ్. గుమ్మంలో ఉంటే ప్రార్థన పోతుందని ఎవరూ ముందుకు రావట్లేదు. ఎలాగూ పదిమందిలో లెక్క లేనిదాన్ని, నేను నిలబడతానన్నాను. యూదురాలు కాని మనిషి మన వాకిట్లో స్వాగతం చెప్పడమేంటని కమిటీలో ఇద్దరు అడ్డం తిరిగారు. బుధవారం మీటింగ్ ఉంది.