ఐ సా, ఐ హ్యావ్ సీన్: ఈ తేడా నోటికి అలవాటు కావాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం అండీ. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు ఆఫీసులో రోజూ ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తోంది. ఆరు నెలలుగా రాత్రి గంటసేపు గ్రామర్ ప్రాక్టీస్ చేస్తున్నాను.

నా అసలు ఇబ్బంది ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తో, అంటే 'ఐ హ్యావ్ సీన్' లాంటి హ్యావ్ కలిసిన క్రియారూపంతో. తెలుగులో 'చూశాను' అంటే చాలు. నిన్న చూసినా, ఇప్పుడే చూసినా, ఎప్పుడో ఒకసారి చూసినా అదే మాట. ఇంగ్లీషులో 'ఐ సా హిమ్ ఎస్టర్‌డే' అనాలి. ఎస్టర్‌డే, లాస్ట్ వీక్ అని గడిచిపోయిన సమయం చెప్తే హ్యావ్ రాకూడదని తెలుసు. ఖాళీలు పూరించమంటే దాదాపు అన్నీ సరిగ్గా రాస్తాను. నోరు తెరిస్తే మాత్రం 'ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే' అని వచ్చేస్తుంది. 'మూడేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను' అనే మాటా అంతే. తెలుగులో 'చేస్తున్నాను' కదా, అందుకే 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అనేస్తాను. 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్' అనాలని కాసేపటికి గుర్తొస్తుంది. అప్పటికి మాట దాటిపోతుంది. చాలా బాధగా ఉంటుంది.

పదాలు కూడా చదివితే అర్థమవుతాయి, మాట్లాడేటప్పుడు తట్టవు. పక్కన తెలుగు అర్థం రాసుకోవడం మానేసి, నా పని గురించి సొంత వాక్యం రాసుకోవడం మొదలుపెట్టాక కొంచెం మెరుగైంది.

తెలుగు మీడియం నుంచి వచ్చి దీన్ని దాటినవాళ్లు దయచేసి చెప్పండి. పైకి చదవడమా, రికార్డు చేసుకుని వినడమా, తెలుగు వాక్యాలను వెంటవెంటనే ఇంగ్లీషులోకి మార్చడమా? నాకున్నది గంట టైమే. దేనికి ఎంత ఇవ్వమంటారు?