నాన్న షుగర్ రిపోర్టు ఇన్సూరెన్సోళ్లకు ఎట్ల తెలిసింది?

మిర్యాలగూడ నుంచి:
అన్నలూ, ఒక సందేహం. పోయిన నెల నల్లగొండల ఒక ల్యాబ్‌ల నాన్నకు షుగర్ టెస్టు చేయించిన. నాలుగు రోజులు కూడ గాలే, "మీకు షుగర్ ఉందట గదా, హెల్త్ పాలసీ తీసుకోండి" అని ఫోన్లు. నారుమడిల ఉన్న మనిషిని రోజుకు మూడుసార్లు సతాయిస్తున్నరు. ఒకాయన యాప్‌ల ఫారం గూడ పంపిండు. అండ్ల "గ్రూపు కంపెనీలకు వివరాలు ఇవ్వడానికి సమ్మతి" అని ముందే టిక్కు కొట్టి ఉన్నది. మన సొంత వివరాల రక్షణకు వచ్చిన కొత్త డేటా చట్టం కింద కేసు పెట్టొచ్చా? ఇంకోటి, షుగర్ సంగతి ఫారంల రాయకుంటే నడుస్తదా?

పాలమూరు ఏజెంట్:
నడవదు తమ్మీ. మా ఏజెంట్లే కొందరు "రాయకు, ఏం గాదు" అంటరు, నమ్మకు. ఆస్పత్రిల పడ్డంక పాత రిపోర్టు తీసి క్లెయిమ్ కొట్టేస్తరు. రాస్తే ప్రీమియం కొంత పెరగొచ్చు గనీ, ముందున్న జబ్బుకు వెయిటింగ్, అంటే ఆ జబ్బుకు క్లెయిమ్ ఇయ్యని కాలం, ఎక్కువల ఎక్కువ మూడేండ్లే. ఫోన్లు మామూలు పది అంకెల నెంబర్ల నుంచి వస్తుంటే సతాయించే ఫోన్ల మీద ఫిర్యాదు తీసుకునే 1909కు చెప్పు. కంపెనీ పేరు తెలిస్తే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటు 'బీమా భరోసా'ల పెట్టు, లేదా వాళ్లదే 155255కు ఫోన్ చెయ్.

సూర్యాపేట వకీలు:
చట్టం 2023ది. రూల్స్ 2025 నవంబర్‌ల వచ్చినయి గనీ, సమ్మతి, నోటీసు లాంటి అసలు భాగాలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేల అమలైతయి. అందాక ఆ చట్టం కింద ల్యాబు మీదికి పోలేం. అట్లని చేతులు కట్టుకొని కూసోవద్దు. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కింద 2011 రూల్స్ ఉన్నయి. వాటి ప్రకారం మెడికల్ రికార్డు సున్నితమైన సమాచారం, మామూలుగ నీ పర్మిషన్ లేంది వేరేటోళ్లకు ఇయ్యొద్దు. ల్యాబు ఫిర్యాదుల అధికారికి రాయి, నెల లోపల తేల్చాలె. ముందే కొట్టిన టిక్కు తీసేసి, పాలసీకి అవసరమైనదానికే ఒప్పుకో. కొత్త చట్టంల ఉదాహరణే పాలసీ మీద ఉన్నది: యాప్‌ల పాలసీ కొంటూ "డేటా బోర్డుకు (ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే బోర్డు) ఫిర్యాదు చేసే హక్కు వదులుకుంటున్న" అని ఒప్పుకున్నా, ఆ ముక్క చెల్లదు. ముందుగాల ల్యాబు చీటీ తీసి చూడు, మీ నాన్న దేనిమీద సంతకం పెట్టిండో.

మిర్యాలగూడ నుంచి:
చూసిన సార్. బిల్లు వెనక సన్న అక్షరాలల్ల "భాగస్వామ్య సంస్థలకు" అని ఉన్నది, ఇంగ్లీషుల. కింద నాన్న సంతకం. టెస్టుకు పైసలు కట్టేటప్పుడు పెట్టిచ్చుకున్నరట, ఏందో ఎవరూ చెప్పలేదట.

సూర్యాపేట వకీలు:
అనుకున్న. అయినా సరే, ఆ సమ్మతి వెనక్కి తీసుకుంటున్న అని రాసి రిజిస్టర్ పోస్టుల పంపు. 2011 రూల్స్‌లనే ఆ దారి ఉన్నది. ఇప్పటికే పోయిన రిపోర్టు తిరిగి రాదు. ఎవరెవరికి ఇచ్చిన్రో పేర్లు కూడ అడుగు, చెప్తరో చెప్పరో చూద్దాం.